మేడం నవ్వదు

యేసుమణి ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని ఎవరూ అనరు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో దేవుడికి చెప్తారు. "పరలోకమందున్న మా తండ్రీ, ఈ దినమంతా మమ్మును కాచి కాపాడినందుకు స్తోత్రం. నా కొడుకు వినోద్ డ్యూటీలో నీవే తోడుగా ఉండుము ప్రభువా. నా కోడలు డోర్కాస్‌కు వంట విషయంలో నిదానము దయచేయుము. పొద్దున పప్పు ఎట్లున్నదో నీకు తెలుసు తండ్రీ." అందరూ కళ్లు మూసుకొని ఉంటారు కాబట్టి డోర్కాస్ కూడా మూసుకొనే వినాలి. మనిషి ముఖం మీద అంటే మనిషికి జవాబు చెప్పొచ్చు. కళ్లు మూసుకొని చేతులు జోడించిన అత్తగారికి ఏం జవాబు చెప్తారు ఎవరైనా? చివర్లో ఆమేన్ కూడా అనాలి. అనకపోతే మర్నాడు అదే ప్రార్థనకెక్కుతుంది.

పెళ్లయిన పదేళ్లలో డోర్కాస్ గురించి ఆ దేవుడికి చేరని కబురు లేదు. ఆమె ఆలస్యంగా లేచిన సంగతి, చర్చికి కట్టుకున్న చీర పల్చగా ఉన్న సంగతి, తమ్ముడితో ఫోన్లో గంటసేపు ముచ్చట పెట్టిన సంగతి, కూతురు షెకీనా తర్వాత ఇంకో కాన్పు లేని సంగతి, అన్నీ వరసగా ఆయన చెవిన పడ్డాయి. డోర్కాస్‌కు దేవుడి మీద కోపం లేదు. ఆమె కూడా ఆయనతో మాట్లాడుతుంది, స్కూటీ మీద పోతున్నప్పుడు, హెల్మెట్ లోపల, ఎవరికీ వినపడకుండా. ఆమె కోపమంతా ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టి తనకు గడ్డి పెట్టేవాళ్ల మీదే.

ఇంట్లో రోజూ సాయంత్రం జరిగేది ఆమె పని చేసే చోట శనివారం శనివారం జరుగుతుంది. శంషాబాద్ బస్టాండు ఎదురు సందులో, మొబైల్ షాపు మీద రెండో అంతస్తులో ఉంది ఆ స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్. ఎయిర్‌పోర్టులో కొలువు కావాలనుకునే పిల్లలంతా పాల్మాకుల నుంచి, రావిర్యాల నుంచి, పహాడీ షరీఫ్ నుంచి ఆటోలెక్కి అక్కడికే వస్తారు. కౌంటర్లో కూర్చోవాలన్నా, వీల్‌చెయిర్ తోయాలన్నా ఇంటర్వ్యూలో నాలుగు ఇంగ్లిష్ మాటలు మాట్లాడాలి కదా. శనివారం క్లాసు ముగిసే ముందు టీచరు బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసి వరండాలో నిలబడాలి. లోపల పిల్లలు ఫోన్లు తీసి టీచరుకు స్టార్లు ఇస్తారు. పేర్లుండవు. టీచరు స్నేహంగా ఉందా, ఉత్సాహంగా ఉందా, నవ్వుతుందా అని అడుగుతుంది ఆ ఫోను. ఇంగ్లిష్ వచ్చిందా అని మాత్రం అడగదు. సాయంత్రానికల్లా రిసెప్షన్‌లో టీవీ మీద ఎవరికెన్ని స్టార్లో తిరుగుతుంటాయి, దసరా ఆఫర్ల పక్కనే.

వరండాలో నిలబడినంతసేపూ డోర్కాస్‌కు బడిలో బెంచీ ఎక్కించినట్టుండేది. లోపల నుంచి నవ్వులు వినపడేవి. దేనికి నవ్వుతున్నారో తెలిసేది కాదు. ఆ తర్వాత చేతికొచ్చే కాగితం మీద చూసుకునేది. మేడం నవ్వదు. మేడం ఎప్పుడూ సీరియస్. మేడం ఆ పచ్చ డ్రెస్ వారంలో రెండుసార్లు వేస్తుంది. ఇంట్లో టెన్షన్ మా మీద చూపిస్తుంది. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది ఒకటే మాట, మేం మాట్లాడుతుంటే మేడం మధ్యలో ఆపుతుంది.

నిజమే, ఆపేది. అదే ఆమె పాఠం. పిల్లలు ఇంటర్వ్యూ జవాబులు ఎక్కడెక్కడివో తెచ్చి బట్టీ కొట్టి వస్తారు. "నీ గురించి చెప్పు" అనగానే ఊపిరి తీసుకోకుండా అప్పజెప్తారు, తాము కష్టపడే మనుషులమనీ, నలుగురితో కలిసి పని చేస్తామనీ, తమ పాఠశాల, తమ లక్ష్యం, అంతా ఒకటే దండకం. డోర్కాస్ సగంలో చెయ్యెత్తి ఆపేది. "సరే గాని, నీ ముందున్న పెద్దాయన పాస్‌పోర్టు పారేసుకొని ఏడుస్తున్నడు, ఏమంటవ్ ఆయనతోని?" అని ఇంగ్లిష్‌లో అడిగేది. పిల్లలు బిక్కచచ్చిపోయేవారు. నోరు తెరిచేవారు, మూసేవారు. ఆ ఖాళీలో ఆమె ఓపిగ్గా నిలబడేది, వాళ్లకు వాళ్లుగా ఒక మాట వెతుక్కొని బయటపెట్టేదాకా. వంకరో టింకరో, ఆ మాట వాళ్లది. నెలరోజులు అట్లా ఆపితే ఆ తర్వాత ఎవరాపినా ఆగరు. కాని ఆ నెలరోజుల్లో నాలుగు శనివారాలు వస్తాయి. అవమానపడిన ప్రతి పిల్లా ప్రతి పిల్లగాడూ ఆ శనివారాల్లో బాకీ తీర్చుకుంటారు.

పక్క గదిలో అరుణ్‌కుమార్ సార్ ఉంటాడు. ఆయన క్లాసులో అంత్యాక్షరి ఉంటుంది, సెల్ఫీలుంటాయి, పుట్టినరోజుకు కేకు ఉంటుంది. ఆయన కాగితం మీద సార్ సూపర్, సార్ కింగ్, సార్ మా అన్న లాంటోడు అనుంటుంది. ఆయన పిల్లలు ఇంటి దగ్గర మాట్లాడి పంపే రికార్డింగులు విని తప్పులు చెప్పే పని మాత్రం డోర్కాస్‌దే. "మీకు ఓపికెక్కువ కదమ్మా" అని సెంటర్ ఓనర్ దశరథం సార్ ఆ పని ఆమె నెత్తిన పెట్టాడు. ఆమె ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని, రొట్టెలు కాల్చుకుంటూ, ఆయన పిల్లల తప్పులన్నీ దిద్ది పంపేది. ఆ దిద్దుబాట్లు ఆయన పేరుతోనే పిల్లలకు చేరేవి. సార్ కింగ్ కాక ఏమవుతాడు మరి?

ఒక బుధవారం దశరథం సార్ ఆమెను గదిలోకి పిలిచాడు. ఆయనది భీమవరం వైపు, మాట మెత్తన. "కూర్చోండమ్మా. మీ పాఠం మీద నాకు ఎలాంటి అనుమానం లేదు. కానీ డబ్బు కట్టి వచ్చిన పిల్లలు, వాళ్ల మనసు కూడా చూడాలి కదా. కొంచెం నవ్వండి. నవ్వితే పోయేదేముంది? మరో రెండు శనివారాలు చూస్తాను. ఐదు స్టార్లకు నాలుగున్నర దాటకపోతే పొద్దుటి బ్యాచ్ అరుణ్‌కుమార్‌కి ఇచ్చేయాల్సి వస్తుంది. మీకేం ఇబ్బంది లేదులెండి, హాయిగా ఇంటి దగ్గర కూర్చునే రికార్డింగులు దిద్దుకోవచ్చు. ఆడవాళ్లకు అదే సుఖం" అన్నాడు.

ఇంటి దగ్గర కూర్చొని. ఆ మాట విన్నాక ఆమెకు మిగిలినవి చెవికెక్కలేదు. పొద్దుటి బ్యాచ్ అంటే ఏడు నుంచి పది దాకా. ఆ మూడు గంటల కోసం ఆమె నాలుగున్నరకే లేచి వంట చేసి, అత్తగారి మాత్రలు తీసిపెట్టి, కూతురికి జడ వేసి, నైట్ డ్యూటీ నుంచి వచ్చే భర్తకు టిఫిన్ మూతపెట్టి పరుగెత్తేది. ఆ మూడు గంటలూ ఆమె ఎవరి కోడలూ కాదు, ఎవరి భార్యా కాదు. చాక్‌పీసు పట్టుకొని నిలబడితే ఇరవై మంది ఆమె ఏం చెప్తుందా అని చూస్తారు. తిట్టుకుంటూ అయినా చూస్తారు. అది పోతే ఇక మిగిలేది వంటింటి గట్టూ, చెవిలో అరుణ్‌కుమార్ పిల్లలూ, వెనక గదిలో నుంచి అత్తగారి దగ్గూ. ఆమెకు నిజంగా భయమేసింది.

ఆ రోజు భర్తకు అన్నం వడ్డిస్తూ చెప్పింది. వినోద్ కుమార్ ఎయిర్‌పోర్టు కార్గోలో షిఫ్టు సూపర్‌వైజరు. చెడ్డవాడని ఎవరూ అనరు, తాగడు, చెయ్యెత్తడు. ఆ రెండూ చెయ్యకపోవడమే గొప్పని ఇరవైసార్లు గుర్తు చేస్తాడంతే.

"మంచిగనే అయితది గద," అన్నాడు ముద్ద కలుపుతూ. "ఇంట్లనే ఉండి చేస్కోవచ్చు. అమ్మకు మోకాళ్లు నొస్తున్నయ్, ఎవరో ఒకరుంటే నయం."

"నాకు క్లాస్ కావాలె."

"అయితే నవ్వు. గా పిల్లలనుడు గూడ తప్పు గాదు. నువ్వు నిజంగనే నవ్వవ్ డోర్కాస్. మన పెండ్లి ఆల్బమ్ల చూడు, ఫోటోగ్రాఫరు అడిగి అడిగి యాష్టకొచ్చిండు."

"అత్తమ్మకు చెప్పకండి ఈ సంగతి," అంది ఆమె.

"నేనెందుకు చెప్త," అన్నాడు.

మర్నాటి నుంచి డోర్కాస్ నవ్వడం మొదలుపెట్టింది. బాత్రూమ్ అద్దం ముందు నిలబడి ఎంత నవ్వితే నవ్వినట్టుంటుందో చూసుకుంది. పెదవులు సాగదీస్తే ఎవరో కొట్టబోతుంటే బతిమాలుకుంటున్న మనిషిలా కనిపించింది. తలుపు సందులో నుంచి చూసి యేసుమణి "ఏందమ్మా, ఒక్కదానివే నవ్వుకుంటున్నవ్" అంది. ఆ సాయంత్రం ప్రార్థనలో ఎనిమిదేళ్ల షెకీనా వంతు వచ్చింది. ఆ పిల్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతిలో చేతులు జోడించి "యేసయ్యా, మా మమ్మీకి నవ్వు దయచేయి. మమ్మీ నవ్వితే అందరికి ఇష్టమైతది. ఆమేన్" అంది. పిల్ల ఎంత ముద్దుగా చెప్పిందో అని అత్తగారూ భర్తా మురిసిపోయారు. డోర్కాస్ కళ్లు తెరవలేదు. తెరిస్తే నీళ్లు కనపడతాయి.

క్లాసులో అంత్యాక్షరి పెట్టింది. కొత్త చున్నీ వేసుకుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆపడం మానేసింది. అనుపమ లేచి నిలబడింది ఆ వారం. పాల్మాకుల పిల్ల, తండ్రి ఐలయ్యకు రెండు బర్రెలున్నాయి, తల్లి ముత్తమ్మ ఎయిర్‌పోర్టులో బాత్రూములు కడుగుతుంది. అనుపమకు అదే ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ కౌంటర్ దగ్గర ఉద్యోగానికి ఇంటర్వ్యూ రాబోతోంది. ఆ పిల్ల బట్టీ జవాబు మొదలుపెట్టింది. సగానికొచ్చేసరికి డోర్కాస్ చెయ్యి దానంతటదే లేవబోయింది. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకొని, నవ్వుతూ, చివరిదాకా విని "సూపర్, అనుపమా" అంది. ఆ పిల్ల వెంటనే కూర్చోలేదు. ఇంకేదో ఉందన్నట్టు ఒక క్షణం అట్లాగే చూసి, ఏమీ రాకపోతే కూర్చుంది. డోర్కాస్ ఆ చూపు చూసి కూడా తర్వాతి పిల్లను లేపింది.

ఇంత చేస్తే ఆ శనివారం నాలుగు దాటిందంతే. కింద ఎవరో మేడం నవ్వుతుంది గని భయమైతుంది అని రాశారు. డోర్కాస్ ఆ కాగితం చూసి రిసెప్షన్‌లోనే పకపకా నవ్వింది. ఆ నెలలో ఆమె నిజంగా నవ్వింది అప్పుడొక్కసారే, దానికి మాత్రం ఎవరూ స్టార్లివ్వలేదు.

రెండో వారం అంతా అదే నవ్వు, అదే సూపర్. శుక్రవారం మధ్యాహ్నం యేసుమణి చర్చిలో స్త్రీల కూడికకు పోయి పొద్దుగూకే వేళకు వచ్చింది. ఎన్నడూ లేనిది కోడలి తల మీద చెయ్యి పెట్టి "అంతా మంచే అయితది బిడ్డా" అంది. డోర్కాస్‌కు అర్థం కాలేదు. శనివారం వరండాలో నిలబడి ఉంటే తలుపు తీసుకొని బ్లెసన్ బయటికొచ్చాడు. వాళ్ల చర్చిలోనే కీబోర్డు వాయించే కుర్రాడు, ఆమె బ్యాచ్‌లోనే చదువుతాడు. గుండె మీద చెయ్యి పెట్టుకొని "మేడం, మీరేం ఫికర్ చెయ్యకుండ్రి" అని పోయాడు. అదీ అర్థం కాలేదు.

సాయంత్రం టీవీలో ఆమె ఫోటో వచ్చింది. ఆధార్ కార్డులోది తీసి పెద్దగా చేశారు. నాలుగు పాయింట్ తొమ్మిది, ఈ వారం ఉత్తమ టీచరు. దశరథం సార్ గదిలో నుంచి లేచొచ్చి "చూశారా అమ్మా, నవ్వితే ఎంత మార్పో" అన్నాడు. అరుణ్‌కుమార్ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆమె కాళ్ల కింద నేల గట్టిపడ్డట్టయింది. కాగితం తీసుకొని చూసుకుంది. అందరూ ఐదే. మేడం బెస్ట్, మేడం అమ్మ లాంటిది. ఒక్కటి మాత్రం మూడు. దాని కింద ఒక వాక్యం, మేడం ముందటి లెక్క మధ్యల ఆపుతలేదు.

ఆ మూడు చూసి డోర్కాస్‌కు ఒళ్లు మండింది. ఆపితే ఎందుకు ఆపావంటారు, ఆపకపోతే ఎందుకు ఆపలేదంటారు. ఈ ఎగతాళి చేసిన చెయ్యి ఎవరిదో దొరికితే బాగుండుననుకుంది. ఇంటికి పోయేదాకా ఆ ఐదులన్నీ మర్చిపోయి ఆ మూడునే తిట్టుకుంది. ఏళ్ల తరబడి తప్పులే విన్న మనిషి, మెచ్చుకోలు కూడా తప్పులాగే వింటుంది.

సోమవారం సంగతి బయటపడింది. క్లాసులో పాఠం తీయబోతే బ్లెసన్ వెనక బెంచీ నుంచి "మేడం, మొన్న మేం మిమ్మల్ని నిలబెట్టినం గద, ఇయ్యాల జర లైట్ తీస్కోండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. నిలబెట్టడమేంటని అడిగితే దాచకుండా చెప్పాడు. "మా మమ్మీ స్త్రీల కూడిక కాడ్నించొచ్చి చెప్పింది మేడం. మీ అత్తమ్మ అందరి ముంగట ఏడ్చుకుంట ప్రార్థన మనవి పెట్టిందట, మా కోడలుకు పిల్లలు మార్కులేస్తలేరు, ఉద్యోగం పోతుందని. నేను బ్యాచ్ గ్రూపుల పెట్టిన. అందరికి పాపమనిపించింది. ఐదు ఇచ్చినం."

ఒక్క నిమిషం ఆమె బోర్డు వైపు తిరిగి తేదీ రాసింది. ఉన్న తేదీని తుడిచి మళ్లీ అదే తేదీ రాసింది. వెనక ఇరవై మంది ఆమె మీద జాలిపడుతూ కూర్చున్నారని వీపుకు తెలుస్తోంది. మూడు గంటలు ఎవరి కోడలూ కాని ఆ ఒక్క చోటుకీ అత్తగారి కొంగు వచ్చి చేరింది.

ఇంటికి పోయి అడిగితే యేసుమణి నొచ్చుకుంది. "నేను దేవునికి చెప్పుకున్న, ఊరికి చెప్పలే. స్త్రీల కూడికల చెప్తే దేవునికి చెప్పినట్టే. విన్నడు గద, ఫలించింది గద. ఇంక పరేషానెందుకు?"

"మీతోటి ఎవరు చెప్పిండ్రు అత్తమ్మా?"

వినోద్ ఫోన్‌లో నుంచి తల ఎత్తకుండానే "అమ్మకు చెప్తే తప్పేంది? ప్రార్థనే గద, పంచాయితీ గాదు గద" అన్నాడు.

ఆ వారం క్లాసు క్లాసులా లేదు. ఎవరినైనా ఏదైనా అడిగితే ఐదు ఇచ్చాం కదా అన్న చూపు. ఆలస్యంగా వచ్చినవాళ్లు సారీ చెప్పడం మానేశారు. ఆమె నవ్వుతూనే ఉంది. నవ్వు ఆపితే ఏమవుతుందో అనే భయంతో నవ్వింది. దవడలు నొప్పి పుట్టి రాత్రి నమలలేకపోయేది. గురువారం అనుపమ రాలేదు, ఆ రోజే దాని ఇంటర్వ్యూ. డోర్కాస్ హెల్మెట్ లోపల ఆ పిల్ల గురించి దేవుడికి ఒక మాట చెప్పింది. తన గురించి చెప్పడానికి ఏమీ మిగల్లేదు, అంతా ఆయనకు ముందే చేరింది.

శుక్రవారం క్లాసయ్యాక మెట్ల మీద అనుపమ కూర్చొని ఉంది. కొత్త చెప్పులు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నిన్నటివే. ఏడవలేదు.

"ఏమైందే?"

"పోయింది మేడం."

డోర్కాస్ పక్కన కూర్చుంది. పిల్ల గోడ వైపు చూస్తూ చెప్పింది. "మంచిగనే మొదలువెట్టిన. సగంల గా సారు ఆపిండు. విమానం పోయిందని ఒకామె నీ మీద ఒర్లుతుంది, ఏం జేస్తవ్ అని అడిగిండు. నాకేం రాలే. ఎక్కడ ఆపిండో గాడికెంచి మళ్ల అదే జవాబు చెప్పిన. ఆయన నవ్విండు మేడం. పక్కనున్న మేడం గూడ నవ్వింది. బయటికొస్తుంటే మా అమ్మ మాప్ కర్ర పట్టుకొని గేటు కాడ నిలవడి ఉంది, ఏమైందో అని. ఏం చెప్పాలె?"

"నీకట్ల కావద్దనే గదనే నేను..." అని మొదలుపెట్టింది డోర్కాస్.

"మీరు నన్ను ఆపలే మేడం, రెండు వారాల సంది," అంది అనుపమ. తిట్టినట్టు లేదు, ఉన్న మాట చెప్పినట్టుంది. "ముందుగాల ఆపుతుంటే నాకు మస్తు కోపమొస్తుండె. రెండు స్టార్లే ఇచ్చిన ఒకసారి. తర్వాత తర్వాత జర జర మాట వస్తుండె. గప్పుడే మీరు బంద్ చేసిండ్రు. అందుకే మూడు ఇచ్చిన. పేరు రాయనియ్యరు గద. అది చూసి ఇంటర్వ్యూకు ముంగట మళ్ల ఆపుతరనుకున్న."

ఆ మూడు ఈ పిల్లది. ఇన్నేళ్లలో తనకు చేరిన ఒకే ఒక్క నిజమైన మాట అది, దాన్నే దారి పొడుగునా తిట్టుకుంది. "నాతోనే చెప్పకపోయినవా, ముఖం మీదనే?" అంది, తన తప్పు పిల్ల మీదికి నెడుతున్నానని తెలిసి కూడా.

"మీరు నవ్వుతుండిరి మేడం," అంది అనుపమ. "నవ్వేటోళ్లకు ఎట్ల చెప్పాలె?"

పిల్ల లేచి, బస్సు టైమైందని, వందనం పెట్టి వెళ్లిపోయింది. డోర్కాస్ మెట్ల మీదే ఉండిపోయింది. పైన దశరథం సార్ ఎవరికో ఫోన్లో మా దగ్గర టీచర్లకు అందరికీ నాలుగున్నర పైనే అని చెప్తున్నాడు. ఆమెకు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. అందరి మీదా వచ్చింది. నవ్వమన్న ఓనరు మీద, జాలిపడ్డ పిల్లల మీద, ముద్దుగా ప్రార్థించడం నేర్పిన నాయనమ్మ మీద, ఒక్క మాట కడుపులో దాచుకోలేని మొగుడి మీద వచ్చింది. చివరికి వచ్చి తన మీద ఆగింది. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఆ ఉద్యోగంలో చెయ్యాల్సిన ఒక్క పనినీ మానేసింది తనే కదా. ఒక పిల్ల బతుకు తీసుకెళ్లి ఆ నవ్వుకు బలిపెట్టింది కదా.

శనివారం ఏదో పండుగని క్లాసుకు సెలవిచ్చారు. సాయంత్రం ప్రార్థనలో యేసుమణి గొంతు వణికింది. "తండ్రీ, నా కోడలు పట్ల నీవు చేసిన మేలుకు స్తోత్రం. రేపు సంఘము ఎదుట ఆమె సాక్ష్యము చెప్పును. దానికి తగిన మాటలు దయచేయుము." ఆమేన్ అని కళ్లు తెరిచాక "ఆ గులాబి చీర కట్టుకో, పోయిన శుక్రవారం నా కోసం నలభై మంది మోకాళ్లూనిండ్రు. సాక్ష్యం చెప్పకుంటే బాగుండది" అంది. కోడలి కోసం అనలేదు, నా కోసం అంది. డోర్కాస్ సరే అంది. ఎందుకు సరే అందో అప్పటికి ఆమెకూ తెలియదు.

ఆదివారం పాల్మాకుల రోడ్డు మీది రేకుల చర్చి నిండిపోయింది. మగవాళ్లు ఓ పక్క, ఆడవాళ్లు ఓ పక్క, చాపల మీద. పాటలయ్యాక పాస్టరు ప్రేమదాసు అయ్యగారు మైకు తీసుకొని, పైనుంచి విమానం పోయేదాకా ఆగి, "మన సహోదరి డోర్కాస్ గారు దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యమిస్తారు" అన్నారు. వినోద్ వీడియో తీయడానికి ఫోన్ సర్దుకున్నాడు. బ్లెసన్ కీబోర్డు మీద సన్నగా ఒక రాగం ఎత్తుకున్నాడు. అతని ఫోన్ స్టాండు మీద ఉంది, చర్చి ఆరాధన మొత్తం లైవ్‌లో పోతోంది. ఇక్కడ అన్న మాట సాయంత్రానికల్లా బ్యాచ్ గ్రూపుకూ, రేపు పొద్దునకల్లా దశరథం సార్‌కూ చేరుతుంది. డోర్కాస్‌కు అది తెలుసు. తెలిసే లేచి నడిచింది.

మైకు అందుకొని ఆడవాళ్ల వైపు చూసింది. మోకాళ్లూనినవాళ్లంతా ఆశగా చూస్తున్నారు, వాళ్ల మీద ఆమెకు కోపం రాలేదు. ముఖం మీద నవ్వు పెట్టుకోవడం మర్చిపోయింది. మర్చిపోయానని తెలిసి కూడా పెట్టుకోలేదు.

"సంఘానికి వందనాలు," అంది. "నా ఉద్యోగం కోసం మా అత్తమ్మ ప్రార్థన పెట్టించిండ్రు. ఉద్యోగం నిలవడ్డది. అయితే ఎట్ల నిలవడ్డదో మీకు తెలవాలె. రెండు వారాలు నేను పిల్లలకు పాఠం చెప్పలే. నవ్వుకుంట నిలబడ్డ. పిల్లలు జాలిపడి మార్కులేసిండ్రు."

బ్లెసన్ రాగం ఆగిపోయింది. ఎవరో స్తోత్రం అనబోయి ఊరుకున్నారు. ముందు వరసలో యేసుమణి కూర్చో కూర్చో అన్నట్టు చెయ్యి కిందికి ఊపుతోంది. వినోద్ ఫోన్ దించేశాడు.

"నన్ను నమ్ముకున్న పిల్ల ఒకతి ఇంటర్వ్యూకు పోయి నోరు పెగలక తిరిగొచ్చింది. అది దేవుడు చేసింది గాదు, నేను చేసింది. రేపటి సంది మళ్ల పాఠం చెప్త. ఆ పిల్లను పిలుచుకొచ్చి మొదటి బెంచీల కూసోవెడ్త. మధ్యల ఆపుత, అడుగుత. పిల్లలకు కోపమొస్తది, నా బ్యాచ్ పోవచ్చు. పోతే ఇంకో చోట నిలవడి చెప్త, ఇంట్ల మాత్రం కూసోను."

అయ్యగారు మైకు కోసం చెయ్యి చాచారు. ఆమె ఇంకొక్క క్షణం ఇవ్వలేదు. అత్తగారి కళ్లలోకే చూస్తూ, గొంతు పెంచకుండా, మిగిలిన ఒక్క మాటా చెప్పింది.

"ఇగ నా పేరు మీద ఎవ్వరు ప్రార్థన పెట్టకుండ్రి అత్తమ్మా. నా గురించి దేవునికి చెప్పాల్సింది ఏమన్న ఉంటే నేనే చెప్పుకుంట."